మాటల బాకీ లేని చోటు

ఇద్దరు మనుషులు ఒక గదిలో రెండు నిమిషాలు మౌనంగా కూర్చుంటే చాలు, ఎవరో ఒకరికి ఊపిరాడదు. "ఇంకేమిటి సంగతులు?" అంటారు. సంగతులేమీ లేవని ఇద్దరికీ తెలుసు. అయినా జవాబు చెప్పాలి, చెప్పాక అదే ప్రశ్న తిరిగి అడగాలి. ఎండల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారన్న దాని గురించి ఓ పావుగంట నడుస్తుంది. మళ్లీ మౌనం వస్తుంది, మళ్లీ ఎవరో దాన్ని పూడుస్తారు. విడిపోయే వేళకు ఇద్దరూ అలసిపోయి ఉంటారు. బాగా మాట్లాడుకున్నామని కూడా అనుకుంటారు.

నాకు మాటలంటే విరోధం లేదు. సరైన మనిషి దొరికితే తెల్లవారేదాకా మాట్లాడగలను. నా స్నేహితులు ఇందుకు సాక్ష్యం చెబుతారు, కొందరు ఫిర్యాదుగానే చెబుతారు. నా పేచీ వేరు. పక్కన కూర్చున్నంత మాత్రాన మాటలు బాకీ పడతామన్న లెక్క ఎక్కడిది? ఒకరి దగ్గర ఉండాలనిపించడం వేరు, వారితో మాట్లాడాలనిపించడం వేరు. రెండోది లేని రోజున మొదటిదాన్ని అడగడానికి మనకు మర్యాదైన మార్గమే లేదు. అందుకని మాట్లాడే ఓపిక లేనివాళ్లు అసలు మనుషుల దగ్గరికే రావడం మానేసి, గదిలో ఒక్కరే ఉండిపోతారు. పాపం ఏకాంతం కావాలేమో అని మనం తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాం. చాలాసార్లు వాళ్లు కోరేది ఏకాంతం కాదు, మాటల బెడద లేని తోడు.

ఇలాంటి తోడు ఒక తక్కువరకం సంబంధమని, మాటలదాకా ఎదగలేక మధ్యలో ఆగిపోయినదని ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. పిల్లల మీద జరిగిన పరిశోధనల్లోనూ దాని జాడ కనిపిస్తుంది. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు శిశుపాఠశాల పిల్లల ఆటలను గమనించి 1932లో ఒక వరుస ప్రకటించింది. ఊరికే ఉండడం, ఒంటరిగా ఆడుకోవడం, ఇతరుల ఆటను చూస్తూ నిలబడడం, పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వారు ఆడుకోవడం, కలిసి ఆడడం, చివరికి పనులు పంచుకుని జట్టుగా ఆడడం. వయసు పెరిగేకొద్దీ పిల్లలు ఈ వరుసలో ముందుకు సాగుతారని ఆమె గమనింపు. ఆ తర్వాత చదివినవాళ్లు దీన్ని పైకెక్కాల్సిన మెట్లుగా అర్థం చేసుకున్నారు. పక్కపక్క ఆట నాలుగో మెట్టు, ఆరో మెట్టు చేరనివాళ్లు వెనకబడినట్టు.

ఇసుకలో ఆడుకునే ఇద్దరు చిన్నపిల్లలను కాసేపు చూడండి. ఒకరి వైపు ఒకరు చూడనట్టే ఉంటారు. ఒకడు డబ్బా బోర్లించి తట్టడం మొదలుపెడితే కాసేపటికి రెండోవాడు కూడా తన డబ్బా తడతాడు. మొదటివాడు లేచి పోతే రెండోవాడి ఆట ఎందుకో సన్నగిల్లుతుంది. వాడు తలెత్తి చూస్తాడు, చెంచా కింద పెడతాడు, తనూ లేస్తాడు. పట్టించుకోనట్టు కనిపించినంతసేపూ పట్టించుకుంటూనే ఉన్నాడన్నమాట. 1980లో రోజర్ బేక్‌మన్, జాన్ బ్రౌన్లీ అనే ఇద్దరు పరిశోధకులు మూడేళ్ల పిల్లల ఆటను క్షణక్షణం నమోదు చేసి, పక్కపక్క ఆట చాలాసార్లు కలిసి ఆడడానికి ముందు వచ్చే వంతెనలా పనిచేస్తుందని చూపించారు. అంటే అది ఎదుగుదలలో దాటిపోయే దశ మాత్రమే కాదు, మనుషుల్లోకి దిగడానికి పిల్లలు వాడుకునే దారి. ఆ దారిని పెద్దవాళ్లకు మూసేయాల్సిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట డొనాల్డ్ వినికాట్‌ది. ఆయన ఇంగ్లండులో పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు. ఒంటరిగా ఉండగలిగే శక్తి మనిషికి ఎలా వస్తుందన్నది 1958లో అచ్చయిన ఆయన వ్యాసం ఒకదాని విషయం. వదిలేస్తే అలవాటవుతుందన్నది మనం అనుకునే జవాబు. వినికాట్ దానికి సరిగ్గా ఎదురు చెప్పాడు. తల్లి దగ్గర ఉండగా బిడ్డ ఒంటరిగా ఉండగలగడం, ఆ శక్తికి అదే పునాది అన్నాడు. తల్లి గదిలోనే ఉంటుంది, బిడ్డను ఆడించదు, పిలవదు, ఏమీ కోరదు. బిడ్డ తన లోకంలో తాను ఉంటాడు. తల్లి ఉందన్న భరోసా ఉంది కనుకే ఆమెను మరచిపోగలడు. ఈ అనుభవం చాలినంత దొరికినవాడు పెద్దయ్యాక ఎవరూ లేని గదిలో కూడా స్థిమితంగా కూర్చోగలడు.

ఏకాంతానికీ తోడుకూ పోటీ పెట్టే వాదనలన్నిటికీ ఇది జవాబని నా నమ్మకం. ఒంటరిగా హాయిగా ఉండగలగడం ఎవరో మన పక్కన ఊరికే ఉండగా నేర్చుకున్న విద్య.

మా అక్క ఉపాధ్యాయురాలు. పరీక్షల కాలంలో ఆమె జవాబు పత్రాలు దిద్దుతుంటే నేను అదే బల్లకు పక్క అంచున కూర్చుని నా ప్రూఫులు చూసుకుంటాను. ఎర్ర కలం చప్పుళ్లు నాకు వేరువేరుగా తెలుస్తాయి. ఒప్పు గుర్తు పొట్టిగా పడుతుంది, కొట్టివేత బరబరమంటుంది. మార్కులు కూడేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయి, మొత్తం తేలగానే కలం మూతతో బల్లను ఒకసారి తడుతుంది. ఉన్నట్టుండి "అయ్యో తండ్రీ" అంటుంది. అది నాతో అన్నమాట కాదు, ఆ కాగితం రాసిన పిల్లవాడితో అన్నది. నేను తలెత్తను. ఎప్పుడైనా ఒక జవాబు పైకి చదువుతుంది. నవ్వు వస్తే నవ్వుతాను, రాకపోతే లేదు, ఆమె నా వైపు చూడకుండానే తర్వాతి పేజీ తిప్పుతుంది. నేను రబ్బరు కోసం వెతుకుతుంటే అడగకముందే నా వైపు జరుపుతుంది. ఆ సాయంత్రం మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. కానీ ఆమె ఊరెళ్లిన రోజుల్లో అదే బల్ల దగ్గర అదే పని నాకు రెట్టింపు సేపు పడుతుంది.

మా తోడు అలా కుదరడంలో చాలా భాగం ఆ బల్లది కూడా. మనం ఎక్కడ, ఏ కోణంలో కూర్చున్నామన్నది మాటల విషయంలో మన స్వభావమంత పని చేస్తుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడి ఆధ్వర్యంలో నడిచిన ఆసుపత్రిలో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వవేత్త 1950ల చివర్లో దీన్ని కొలిచాడు. భోజనశాల బల్లల దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో లెక్కవేశాడు. బల్ల మూలకు అటూఇటూ కూర్చున్నవారి మధ్య సంభాషణలు, పక్కపక్కన కూర్చున్నవారి మధ్య జరిగేవాటికి రెండింతలు. పక్కపక్కన కూర్చున్నవారివి, బల్లకు అటొకరు ఇటొకరుగా ఎదురెదురుగా కూర్చున్నవారి వాటికి మూడింతలు. మా అక్కా నేనూ కూర్చునేది సరిగ్గా మాటలు ఎక్కువగా పుట్టాల్సిన చోట! నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. మూల దగ్గర చూపు కలపాలంటే కలపవచ్చు, తప్పించాలంటే మెడ తిప్పనక్కరలేదు. మాట సులువు, మౌనం కూడా అంతే సులువు. ఎదురెదురుగా కూర్చుంటే రెండూ కష్టమే.

సోమర్ పనిలో దీనికి మించిన ముక్క ఇంకొకటి ఉంది. అదే ఆసుపత్రిలో వృద్ధ మహిళల వార్డు ఒకటి కొత్తగా ముస్తాబైంది. రంగులు, కుర్చీలు, తెరలు అన్నీ చక్కగా ఉన్నాయి. అయినా ఆ ఆడవాళ్లు గోడల వెంబడి వరుసగా వేసిన కుర్చీల్లో ముభావంగా కూర్చుని ఉండేవారు. సోమర్ చిన్న బల్లలు తెప్పించి, కుర్చీలను వాటి చుట్టూ వేయించాడు. మొదట్లో వాళ్లు ఒప్పుకోలేదు, తమ కుర్చీలకు అతుక్కునే ఉన్నారు. కొత్త ఏర్పాటు అలవాటయ్యాక మళ్లీ లెక్కవేస్తే సంభాషణలు రెండింతలయ్యాయి. ఈ సంగతిని చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. అదే లెక్కలో చదువుకోవడం మూడింతలైంది. పుస్తకమో పత్రికో పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది కాబట్టి కావచ్చని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ దీన్ని వివరించాడు.

మాటలకన్నా చదువు ఎక్కువ పెరిగిందన్న ఆ ఫలితం నన్ను పట్టుకుని వదలలేదు. గోడవారన వరుసలో కూర్చున్నప్పుడు ఆ ఆడవాళ్లు చాలా దగ్గరగానే ఉన్నారు, భుజాలు తగిలేంత దగ్గరగా. కానీ చేతిలో ఏమీ లేదు, ముందు ఏమీ లేదు. మాట్లాడాలి, లేదా గోడను చూస్తూ కూర్చోవాలి. బల్ల వచ్చాక మూడో వీలు దొరికింది, నలుగురి మధ్య కూర్చుని తన పని తాను చేసుకోవడం. మాటలు లేని తోడుకు చేతిలో ఒక పని కావాలి. పుస్తకం, అల్లిక, కూరగాయలు, లెక్కల పుస్తకం, ఏదైనా సరే. వట్టి చేతులతో పక్కపక్కన కూర్చుంటే అది కాసేపటికి ఎదురుచూపు అయిపోతుంది.

హాల్ 1966లో మనుషుల మధ్య దూరాలను కొలిచి వర్గాలు చేశాడు. పదడుగుల గురించి ఆయన చెప్పిన సంగతి ఇక్కడ అవసరం. కార్యాలయంలో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగికి పదడుగులకన్నా దగ్గరలో ఎవరైనా ఉంటే మాట్లాడక తప్పదనిపిస్తుంది. అంతకు మించి దూరం ఉంటే, అమర్యాద అనిపించుకోకుండా తన పని తాను చేసుకోగలదు. ఇవి అమెరికాలో కొన్ని వర్గాల వారిని చూసి కట్టిన కొలతలని, మరో సమాజంలో మారతాయని హాలే చెప్పుకున్నాడు. పదా, ఆరా అన్నది కాదు ముఖ్యం, అలాంటి గీత ఒకటి ఉండడం ముఖ్యం. గీతకు ఇవతల కుర్చీ వేసి, ఎదురుగా కూర్చోబెట్టి, చేతిలో ఏమీ పెట్టుకోనివ్వకుండా "మీరేమిటి మాట్లాడరు?" అని అడగడం న్యాయం కాదు.

పరిచయం లేనివారి దగ్గర ఈ నేర్పు మనకు బాగానే ఉంది, తమాషా ఏమిటంటే. ఇది తరతరాల నుంచి వచ్చిందేమీ కాదు. 19వ శతాబ్దంలో బస్సులు, రైళ్లు, ట్రాములు రాకముందు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడకుండా నిమిషాల తరబడి, గంటల తరబడి ఒకరినొకరు చూస్తూ కూర్చోవలసిన పరిస్థితే లేదని జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లో రాశాడు. యంత్రం ఒక కొత్త ఇబ్బంది తెచ్చింది, మనుషులు దానికి ఒక కొత్త మర్యాద కనిపెట్టారు. ఆ మర్యాద ఎలా పనిచేస్తుందో 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే మరో సామాజికవేత్త విప్పి చెప్పాడు. ఎదురుపడిన మనిషిని ఒక్క చూపు చూస్తాం, నువ్వు ఉన్నావని గుర్తించాను అన్నంత మేరకు. వెంటనే చూపు తిప్పుకుంటాం, నీ మీద నాకు ప్రత్యేకమైన ఆరా ఏమీ లేదు అన్నట్టు. చూడకపోతే అవతలి మనిషి లేనట్టే లెక్క, చూస్తూ ఉంటే వేధింపు. లిఫ్టులో ఎక్కే ప్రతి మనిషీ ఈ రెండు పనులూ ఒక్క క్షణంలో చేసేస్తాడు, ఎవరూ నేర్పకుండానే.

అపరిచితులకు ఇంత ఉదారంగా ఇచ్చేదాన్ని అయినవాళ్లకు ఇవ్వకపోవడమే విచిత్రం. రైల్లో పక్కన కూర్చున్న మనిషి గంటసేపు కిటికీలోంచి చూస్తే మనకేమీ అనిపించదు. అదే పని బావగారు చేస్తే, ఏమైంది, ఎవరేమన్నారు, ఒంట్లో బాగాలేదా అని వరుసగా ప్రశ్నలు. పరిచయం పెరిగేకొద్దీ మౌనానికి కారణం చూపించాల్సి వస్తుంది. నిజానికి దగ్గరితనం పెరిగేకొద్దీ ఆ సంజాయిషీ అవసరం తగ్గాలి కదా.

ఇక్కడ మరీ తీపిగా మాట్లాడకుండా ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. పక్కన మనిషి ఉండడం ఎప్పుడూ మేలే చేయదు. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త 1965లో అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ ముందేసుకుని ఒక సూత్రం తేల్చాడు. ఎవరైనా దగ్గర ఉంటే బాగా అలవాటైన పని వేగం పుంజుకుంటుంది, కొత్త పని, చిక్కు పని తడబడుతుంది. 1969లో దీన్ని బొద్దింకల మీద కూడా పరీక్షించాడు. తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో వేగంగా పరుగెత్తాయి, మలుపులున్న దారిలో ఇంకా నెమ్మదించాయి. బొద్దింకకు పరువు గురించిన బెంగ ఉండదు కాబట్టి, ఎవరేమనుకుంటారో అన్న భయం ఒక్కటే దీనికి కారణమనలేం. మనుషుల మీద 1986లో జరిగిన ఒక ప్రయోగంలో పక్కనున్న వ్యక్తి కళ్లకు గంతలు కట్టారు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. అతను చూడలేడు, వినలేడు. అయినా సరే, సొంత పేరు టైపు చేయడంలాంటి తేలిక పని వేగంగా సాగింది, కష్టమైన టైపు పని మందగించింది.

కాబట్టి ఏ పనికి ఎవరి పక్కన కూర్చోవాలన్న విచక్షణ ఉండాలి. పన్ను కాగితాలు సర్దుకోవడం, బట్టలు మడతపెట్టడం, ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న ఉత్తరాలకు జవాబులు రాయడం, వీటికి తోడు దివ్యంగా పనిచేస్తుంది. ఏకాగ్రత నిలవక ఇబ్బందిపడే ఏడీహెచ్‌డీ ఉన్నవారు బాడీ డబ్లింగ్ పేరుతో చేసుకునే ఏర్పాటు ఇదే. ఇంకొకరు దగ్గర కూర్చుంటారు, సాయం చేయరు, తనిఖీ చేయరు, తమ పని చూసుకుంటారు. పని మొదలుపెట్టడానికి ఆ ఉనికే చాలు అంటారు వాళ్లు. కానీ ఎన్నడూ చేయని పనిలో మొదటిసారి తల బద్దలు కొట్టుకోవాల్సి వచ్చినప్పుడు నేనైతే తలుపు గడియ వేసుకుంటాను. ప్రూఫులు దిద్దడానికి అక్క కావాలి. వ్యాసం మొదటి వాక్యం రాయడానికి ఎవరూ వద్దు.

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ వేరే చోట ఉంది. నికొలస్ ఎప్లీ, జులియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు షికాగో ప్రాంతంలో రోజూ రైళ్లలో, బస్సుల్లో తిరిగే వారి మీద జరిగాయి. కొందరిని పక్కవారితో మాట కలపమన్నారు, కొందరిని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమన్నారు, ఇంకొందరిని రోజూలాగే వెళ్లమన్నారు. మాట కలిపినవారి ప్రయాణమే ఎక్కువ హాయిగా గడిచింది. ఏది హాయిగా ఉంటుందో ముందుగా ఊహించమని అడిగినప్పుడు మాత్రం జనం మౌనానికే ఓటు వేశారు. అంటే మనకు ఏది సుఖమో మనకే తెలియదు, మౌనం కోరుకోవడమే పొరపాటు అని దీన్ని చూపించి నాతో వాదించినవారున్నారు.

ఆ ఫలితాన్ని నేను కాదనను. పక్క సీటు మనిషి మనం భయపడినంత భయంకరుడు కాడు, మాట కలిపితే చాలామంది సంతోషంగానే పలుకుతారు. కానీ ఆ సంభాషణ అంత హాయిగా ఎందుకు ఉందో ఆలోచించండి. దిగాల్సిన స్టేషన్ రాగానే అది ముగిసిపోతుంది. రేపు ఫోను చేయలేదేమని అతను అడగడు. పెళ్లికి రాలేదేమని నిష్ఠూరమాడడు. నా ఉద్దేశంలో అపరిచితుడితో మాట తేలిగ్గా ఉండడానికి కారణం, మాటలాడినా మానినా అక్కడ బాకీ మిగలకపోవడం. ఇంకొకటి, అక్కడ పోల్చింది మాటను, ఒంటరితనాన్ని. పరిచయమున్నవారి పక్కన నిశ్చింతగా, మాటలు లేకుండా కూర్చోవడం అన్న మూడో పరిస్థితి ఆ పోటీలో లేనే లేదు.

ప్రభుత్వాలు, సంస్థలు ఒంటరితనం మీద ఈ మధ్య చూపిస్తున్న శ్రద్ధ కూడా ఎక్కువగా మాట చుట్టూనే తిరుగుతోంది. బ్రిటన్ 2018లో ఒంటరితనం సంగతి చూడడానికి ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. నెదర్లాండ్స్‌లో యుంబో అనే సూపర్‌మార్కెట్ సంస్థ 2019లో, తొందరలేని కొనుగోలుదారులు కబుర్లు చెప్పుకోవడానికి వీలుగా ఒక ప్రత్యేకమైన బిల్లింగ్ కౌంటరు పెట్టింది. మంచి పనులే, రోజంతా ఒక్క పలకరింపు లేని వృద్ధులకు అవి ప్రాణం పోస్తాయి. అయితే మాటే కష్టమైనవాళ్ల మాటేమిటి? వినికిడి తగ్గిన పెద్దవారిని నలుగురి మధ్య గమనించండి. ఒక్కో వాక్యాన్నీ పెదవుల కదలికల నుంచి, మధ్యలో దొరికిన రెండు మూడు పదాల నుంచి పోగుచేసుకోవాలి. అందరూ నవ్వినప్పుడు అర క్షణం ఆలస్యంగా నవ్వుతారు. గంటకల్లా ముఖం వాడిపోతుంది. మరుసటిసారి రమ్మంటే ఒంట్లో నలతగా ఉందంటారు. వాళ్లకు మనుషులు అక్కర్లేక కాదు, మనుషుల దగ్గర ఉండాలంటే కట్టాల్సిన రుసుము వాళ్లకు మరీ ఎక్కువైపోయింది. నత్తి ఉన్నవారికి, పరాయి భాష మధ్య బతుకుతున్నవారికి, దిగులు జబ్బుతో నోరు పెగలని వారికి కూడా ఇదే కథ. వీళ్లందరినీ మాటల్లోకి లాగడమే వైద్యం అనుకుంటే ఎక్కువగా దూరమయ్యేది వీళ్లే.

ఇంతా చెప్పి, ప్రతి మౌనాన్నీ నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. అలిగి ముఖం మాడ్చుకుని పక్క కుర్చీలో కూర్చున్నవారిది తోడు కాదు, శిక్ష. తేడా పట్టుకోవడం తేలిక. ఏదైనా చిన్న ప్రశ్న అడగండి, టైమెంతయింది అని. జవాబు మామూలు గొంతుతో వస్తే ఆ మౌనం మంచిదే. నోరు తెరిస్తే అవతలివారు పలుకుతారన్న నమ్మకం ఉన్నచోటే నోరు మూసుకుని ఉండడంలో సుఖం. పై అధికారి మాట్లాడకుండా మన బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే అది మరీ ఘోరం, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి కొనే మౌనం ఇంకొకటి. ఊబర్ సంస్థ 2019లో తన ఖరీదైన కార్లలో, డ్రైవరు మాట్లాడకుండా ఉంటే బాగుంటుందని ముందే తెలిపే వీలు కల్పించింది. ప్రయాణికుడి అలసట నాకు అర్థమవుతుంది. కానీ అక్కడ ఒకరికి మాట్లాడకుండా ఉండే హక్కు వచ్చింది, రెండోవారికి మాట్లాడకూడదన్న ఆంక్ష వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి దొరకని స్వేచ్ఛను తోడు అనలేం.

ఫోను సంగతి కొంచెం చిక్కు. ఒకే సోఫాలో ఇద్దరు ఎవరి ఫోను వారు చూసుకుంటూ ఉంటే అది పుస్తకాలు చదువుకోవడంలాంటిదే కదా అని అడుగుతారు. కొన్నిసార్లు అంతే. అయితే పుస్తకం చదివే మనిషి ఎప్పుడో ఒకసారి తలెత్తుతాడు, పేజీ తిప్పేటప్పుడో, అధ్యాయం అయిపోయినప్పుడో. పక్క మనిషి ఉన్నాడని గుర్తించే ఆ ఒక్క చూపు అప్పుడు పడుతుంది. ఫోనులో అధ్యాయం అయిపోదు. పైగా ఫోనులో ఉన్న మనిషి నిజంగా మౌనంగా ఉన్నాడా? వేరే పదిమందికి బాకీలు తీరుస్తూ ఉంటాడు. మీ పక్కన కూర్చున్నది ఆ పదిమందికీ మిగలగా వచ్చిన శేషం.

ఈ తోడు విలువ ఏమిటో జబ్బు పడ్డప్పుడు, చావు దగ్గర పడ్డప్పుడు తెలిసినంతగా మరెప్పుడూ తెలియదు. 2006లో జేమ్స్ కోన్, ఆయన సహ పరిశోధకులు పదహారు మంది వివాహిత మహిళల మీద ఒక ప్రయోగం చేశారు. మెదడును స్కాన్ చేసే యంత్రంలో పడుకోబెట్టి, కాలి దగ్గర కరెంటు షాకు తగలవచ్చని హెచ్చరిక ఇచ్చారు. ఎవరి చేయీ పట్టుకోనప్పటికన్నా, అపరిచితుడి చేయి పట్టుకున్నప్పుడు ముప్పును ఎదుర్కొనే మెదడు భాగాల్లో అలజడి కొంత తగ్గింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు ఇంకా తగ్గింది. చిన్న ప్రయోగమే. కానీ అక్కడ ధైర్యవచనాలు ఏవీ లేవన్నది గమనించాలి, ఒక చేయి మాత్రమే ఉంది.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో ఒక ఆసుపత్రి 2001లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అయినవాళ్లు ఎవరూ లేకుండా చనిపోతున్న రోగుల మంచం పక్కన స్వచ్ఛంద సేవకులు వంతులవారీగా కూర్చుంటారు. దాని వెనక ఒక నర్సు అనుభవం ఉంది. 1986లో ఒక రాత్రి ఒక వృద్ధ రోగి, నా దగ్గర ఉంటావా అని ఆమెను అడిగాడు. మిగతా రోగులను చూసి వస్తానని ఆమె వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతను చనిపోయాడు. అతను ఆమెను తనతో మాట్లాడమని అడగలేదు. ఆ తర్వాత ఎన్నో ఆసుపత్రులు ఆ పద్ధతిని తీసుకున్నాయి. అక్కడ కూర్చునే సేవకుల పని ఏమిటని వివరంగా చెప్పబోతే, కుర్చీలో ఉండడం అన్నదానికి మించి పెద్దగా ఏమీ తేలదు. అయినా దానికి మనుషులు కావాలి, వంతులు కావాలి, రాత్రి రెండింటికి లేచి రావాలి.

మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను వరండా బెంచీ మీద గడిపిన ఒక రాత్రి ఉంది. అదే బెంచీ మీద ఒక పెద్దాయన, ఎవరి కోసం వచ్చారో నాకు తెలియదు. నేను రాగానే తన సంచి ఒళ్లోకి తీసుకుని చోటిచ్చారు. ఎవరికి ఏమైంది, ఏ డాక్టరు చూస్తున్నారు అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణే, కానీ అప్పటికి ఆ కథ ఫోనులో బంధువులందరికీ చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయి ఉంది. మధ్యలో నన్ను లోపలికి పిలిచారు. లేస్తూ నా సంచి వైపు చూశాను. ఆయన ఏమీ అనకుండా దాని పట్టీ మీద చేయి వేశారు. నేను తిరిగి వచ్చాక ఆ చేయి తీసేశారు. మర్నాడు పరామర్శకు వచ్చిన వారు చెప్పిన ధైర్యాలు ఒక్కటీ గుర్తు లేవు. పాపం, వాళ్లూ ఏం చేస్తారు? వచ్చాక ఏదో ఒకటి అనాలి కదా. అనకుండా కూర్చుంటే, వచ్చి కూడా పలకరించలేదని అనుకునే లోకం.

అందుకే ఈ తోడును పైకి అడగడం అలవాటు చేసుకోవాలంటాను. అడిగేటప్పుడు మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. "నీ దగ్గరికి వస్తాను, నా పని తెచ్చుకుంటాను, నాకోసం ఏమీ చేయకు" అని చెబితే చాలామంది ముందు తెల్లబోయి, తర్వాత ఊపిరి పీల్చుకుంటారు. వెళ్లేటప్పుడు కారణం చెప్పనక్కరలేదన్న ఒప్పందం కూడా అప్పుడే చేసుకోవడం మంచిది. వచ్చినంత తేలిగ్గా వెళ్లిపోయే వీలు లేకపోతే, మాటల బాకీ పోయి కూర్చోవాల్సిన బాకీ మొదలవుతుంది.

అందరికీ ఇది నప్పుతుందని చెప్పలేను. నా పాత స్నేహితుడు ఒకడికి ఇలాగే చెబితే, "అంటే నా మాటలు నీకు విసుగన్నమాట" అని నొచ్చుకున్నాడు. ఎంత నచ్చచెప్పినా వాడికి ఎక్కలేదు. వాడికి పక్కన మనిషి ఉండి మాటలు లేకపోవడం అంటే ఏదో తెగిపోయినట్టే. ఇద్దరిలో ఎవరు సర్దుకోవాలన్నది నేను ఈ వ్యాసంలో తేల్చలేను, వాడి బాధా నిజమే. ఇప్పుడు వాడు వస్తాడు, కుర్చీ లాక్కుని మొదలుపెడతాడు. ఆఫీసు సంగతులు, పక్కింటివాళ్ల గొడవ, క్రికెట్, అన్నీ చెబుతూ పోతాడు. నేను నా ప్రూఫులు చూసుకుంటూ ఉంటాను. ఊ కొట్టకపోయినా ఏమీ అనుకోడు, మధ్యలో తప్పొప్పులు కూడా తనే దిద్దుకుంటాడు. ఆ ఏర్పాటుకు నాకేమీ అభ్యంతరం లేదు.